మూడు ముక్కలు, ఒక వాక్యం

సర్వోన్నత న్యాయస్థానం 1967 నవంబరు 22న వెలువరించిన ఒక తీర్పులో, అసలు వివాదానికి అంతగా అవసరం లేని ఒక చిన్న వాక్యం ఉంది. ఫ్లష్ అనీ, బ్రాగ్ అనీ పలు పేర్లతో పిలిచే మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడిచే ఆట అన్నది దాని సారాంశం. తీర్పు రాసినవారు జస్టిస్ హిదయతుల్లా. వివాదం సికిందరాబాదులోని ఒక క్లబ్బులో జరిగిన రమ్మీ గురించి. రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని చెప్పటానికి, దాని పక్కన నిలబెట్టి చూపటానికి నేర్పు లేని ఆట ఒకటి కావలసివచ్చింది. అలా మూడు ముక్కలాట ఆ వాక్యంలోకి వచ్చి పడింది. విచారణ లేకుండా, తన తరఫున ఒక్క వకీలైనా నోరు విప్పకుండా శిక్ష పడిన ముద్దాయి వంటిది అది.

ఆ వాక్యాన్ని ఒక ప్రశ్న ముందు నిలబెట్టి చూడాలని నా కోరిక. మంచి ముక్కలు చేతికొచ్చినవాడు పందెం ఎప్పుడు పెంచాలి? చూసిన మరుక్షణమే పెంచాలా, కొంత ఆగి పెంచాలా, తాను పెంచకుండా ఎదుటివాడి చేతనే పెంచనివ్వాలా? ఆట అంతా అదృష్టమే అయితే ఈ ప్రశ్నకు అర్థమే లేదు. లాటరీ టికెట్టు కొన్నవాడికి ఇలాంటి సందేహం ఎన్నడూ కలగదు. జూదానికి వకాల్తా పుచ్చుకుంటున్నానని మిత్రులు అపార్థం చేసుకోవద్దు. జూదం కొంపలు కూల్చిన సంగతి తెలియని పల్లె మన దేశంలో ఉండదు. నా పేచీ ఆ వాక్యంతోనే.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ. హైదరాబాదు నుంచి నాగార్జునసాగరు వెళ్ళే దారిలో మాల్ దగ్గర పక్కకు తిరిగితే వచ్చే మెట్టసీమ. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిన మనుషుల ఊళ్ళుగా పత్రికల్లో పేరు పడ్డ ప్రాంతం. మా వైపు పేకముక్కలనరు, పత్తాలంటారు. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అన్న మాటలు నాకు ఎక్కువగా కోస్తా రచయితల కథలు చదివి పరిచయమైనవే. (కళావరు, ఆఠీను అన్నవి డచ్చివారి క్లావర్, హార్టెన్ మాటలను గుర్తుకు తెస్తాయి. వారు 17వ శతాబ్దం తొలినాళ్ళలోనే మచిలీపట్నంలో వర్తకానికి దిగారు కనుక ఆశ్చర్యపడనక్కరలేదు.) పేరేదైనా ముక్కలు 52 మాత్రమే. కానీ ఆ 52 ముక్కలకూ చాలాకాలం రెండు చట్టాలుండేవి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నిజాం రాజ్యంలోవి. ఇక్కడ జూదాన్ని శిక్షించినది 1305 ఫసలీ నాటి హైదరాబాదు గ్యాంబ్లింగ్ చట్టం. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది కాబట్టి, అది 1895-96 ప్రాంతపు చట్టమన్నమాట. కృష్ణ దాటి మాచర్ల వైపు అడుగుపెడితే మాత్రం మద్రాసు వారి 1930 గేమింగ్ చట్టం వర్తించేది. 1948లో నిజాం పాలన పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, అయినా ఈ రెండు చట్టాలూ ఏటికి చెరో ఒడ్డునా అలాగే నిలిచి ఉన్నాయి. రాష్ట్రమంతటికీ ఒకే గేమింగ్ చట్టం వచ్చినది 1974లో. భాష ఒకటే, ప్రభుత్వం ఒకటే, పత్తాలు అవే. శిక్ష మాత్రం పద్దెనిమిదేళ్ళపాటు రెండు పుస్తకాల్లో వెతుక్కోవలసివచ్చింది.

సికిందరాబాదు వ్యాజ్యం ఆ పాత నిజాం చట్టం కిందిదే. 1963 మే 4న క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారు దొరికారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. సెషన్సు న్యాయమూర్తి ఆ శిక్ష నిలవదని హైకోర్టుకు నివేదించారు, హైకోర్టు ఒప్పుకుని కొట్టివేసింది. ప్రభుత్వం ఊరుకోక ఢిల్లీ దాకా వెళ్ళింది. పడిపోయిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో ఆలోచించాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని అక్కడ తేలింది. బ్రిడ్జి ఆటలో ముక్కలు పంచేటప్పుడు ఎంత అదృష్టముందో రమ్మీలోనూ అంతే ఉందన్నారు. క్లబ్బు యజమాని ఆట మీద లాభం గడిస్తున్నట్టు సాక్ష్యముంటే అది వేరే నేరమవుతుందని కూడా హెచ్చరించారు. ఇంతవరకూ తీర్పు పద్ధతిగానే ఉంది. ప్రభుత్వం ఓడింది, రమ్మీ గెలిచింది. ఓడిన మూడో పక్షం మాత్రం కోర్టుకే రాలేదు.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. 52 ముక్కలలోంచి మూడింటిని 22,100 విధాలుగా పంచవచ్చు. వాటిలో మూడూ ఒకే విలువవి అయ్యేవి 52. ఒకే రంగులో వరుసగా వచ్చేవి 48. రంగుతో పనిలేకుండా వరుస మాత్రమే కుదిరేవి 720. ఒకే రంగువి 1,096. జత పడేవి 3,744. మిగిలిన 16,440 ఏమీ లేనివి, పెద్దముక్క చూసుకుని నిట్టూర్చవలసినవే. ఈ లెక్క ఆడేవాళ్ళకు అంకెల్లో తెలియదు కానీ ఒంట్లో తెలుసు. ఆరుగురు కూర్చున్న ఆటలో నీకు చిన్న జత పడిందనుకోండి. జతగానీ అంతకు మించినదిగానీ వచ్చే అవకాశం ఒక్కొక్కరికి దాదాపు నాలుగింట ఒకటి. అంటే మిగిలిన ఐదుగురిలో ఎవరో ఒకరి దగ్గర అటువంటిది ఉండటం నూటికి 77 పాళ్ళు. అదే నీ చేతిలో వరుస ఉంటే, వరుసగానీ అంతకు పైదిగానీ మరొకరి దగ్గర ఉండే అవకాశం నూటికి 17 పాళ్ళకు పడిపోతుంది. ఆసుల జత చూసి కళ్ళు మెరిసేవాడికీ, దాన్ని కూడా అనుమానంగా చూసేవాడికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. మంచి చేయి అన్నది ముక్కల్లో ఉండదు, ఎంతమందితో ఆడుతున్నామన్నదానిలో ఉంటుంది.

ఆ మంచి చేయి ఉన్నవాడు ఏం చేయాలి? మూడు ముక్కలాటలో దీనికి ఒక ముందుమెట్టు ఉంది. ముక్కలు ఎత్తి చూడకుండానే ఆడవచ్చు. చూడనివాడు రూపాయి పెడితే చూసినవాడు కనీసం రెండు పెట్టాలి. చూడనివాడికి ఆట సగం ధరకు వస్తుందన్నమాట. అంచేత ఎప్పుడు పెంచాలన్న ప్రశ్నకంటే ముందు ఎప్పుడు చూడాలన్నది తేల్చుకోవాలి. చూసినవాడు పెంచితే అందరూ జాగ్రత్త పడతారు. చూడనివాడు పెంచితే పిచ్చివాడనుకుంటారు. పైగా చాలాచోట్ల నడిచే నియమం ప్రకారం, ఇద్దరే మిగిలినప్పుడు ఎదుటివాడు ఇంకా ముక్కలు చూడకపోతే, చూసినవాడు ఆట తేల్చమని అడగటానికి వీల్లేదు. రెట్టింపు పెడుతూ పోవాలి, లేదా ముక్కలు కింద పడేయాలి. అజ్ఞానానికి ఇంత గౌరవమిచ్చిన ఆట మరొకటి నేనెరుగను.

చూశాక మూడు దారులు. వెంటనే పెద్దగా పెంచితే చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళందరూ లేచిపోతారు. మూడు ఆసులు పట్టుకుని నాలుగు రూపాయలు గెలిచిన ఘనత దక్కుతుంది. అసలు పెంచకపోతే అందరూ ఉంటారు కానీ మధ్యలో డబ్బు పెరగదు. కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే ఎవరెవరు ఏ మెట్టు దగ్గర ఆగుతారో కనిపెట్టాలి, అంటే ఎదుటివాడి స్వభావం తెలియాలి. మా ఊళ్ళో మంచి ఆటగాడనిపించుకున్న ఒక పెద్దమనిషి గురించి చెప్పుకునేవారు: ఆయన తన ముక్కలు చూసుకోవటానికి ముందు మిగతావాళ్ళు వాళ్ళ ముక్కలు చూసుకోవటాన్ని చూసేవాడట. ఇందులో అదృష్టం ఎక్కడుంది?

ఒకే తీరున ఆడేవాడికి మంచి ముక్కలు పడినా లాభం లేదన్నది మరో సంగతి. ముక్క పడితేనే పెంచుతాడని పేరు పడినవాడు పెంచగానే అందరూ ఎత్తేస్తారు. అప్పుడప్పుడు ఏమీ లేకుండా పెంచి, పట్టుబడి, నలుగురిలో నవ్వులపాలైనవాడికే, నిజంగా ముక్క పడ్డ రోజున ఎదుటివాళ్ళు డబ్బు పెడతారు. ఇది పల్లెటూరి తెలివి అని కొట్టిపారేయకండి. ఫ్రాన్సులో ఎమిల్ బొరెల్, ఆ తర్వాత అమెరికాలో జాన్ ఫాన్ నాయ్‌మన్ పోకరును సాధ్యమైనంత చిన్నది చేసి లెక్క కట్టారు. ఫాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ కలిసి 1944లో ప్రచురించిన ఆటల సిద్ధాంత గ్రంథంలో పోకరుకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. అందులో తేలినదాని ప్రకారం అన్నిటికంటే మంచి చేతులతోనూ పెంచాలి, అన్నిటికంటే చెత్త చేతుల్లో కొన్నిటితోనూ పెంచాలి. మధ్యరకంవాటితో ఊరుకోవాలి. చెత్తతో చేసే బుకాయింపు మంచి ముక్కల పెంపుకు పెట్టుబడి అన్నమాట.

ఇంకా పాతకాలానికి పోతే, తీర్పులో పేర్కొన్న ఆ బ్రాగ్ అన్న మాట ఉంది. అది ఇంగ్లండు ఆట; మన మూడు ముక్కలాటకు పెద్దన్న వంటిది. పేకాటలకు శాస్త్రాలు రాసిన ఎడ్మండ్ హోయ్ల్ 1751లోనే దాని మీద ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. బ్రాగ్ అంటే బడాయి. లేనిది ఉన్నట్టు చెప్పుకోవటం. ఆట పేరే బడాయి! ఆ పేరును తన కలంతో రాస్తూనే, ఈ ఆటలో మనిషి చేసేదేమీ లేదని తీర్పు చెప్పటం నాకు ఎప్పటికీ వింతగానే ఉంటుంది.

మన భాష కూడా ఈ సంగతిని ఎన్నడో గుర్తించింది. బేస్తు అని ఒక పేకాట ఉండేది. ఆట చెప్పి, చెప్పినన్ని పట్లు పట్టలేనివాడు బేస్తు పడేవాడు. ఇవాళ పత్తా ముట్టనివారు కూడా "బేస్తుపడ్డాడు" అనే అంటారు. చేతిలో ఉన్నదానికంటే ఎక్కువ చెప్పుకున్నవాడి ముఖం ఎలా ఉంటుందో ఆ నుడికారంలో కనిపిస్తుంది. అదృష్టం చాలక ఓడినవాడి మాట కాదది, తన లెక్క తప్పినవాడి మాట.

ఆగటమెలాగో తెలిసినవాళ్ళలో మనకు శకునిని మించినవాడు లేడు. నన్నయగారి సభాపర్వంలో ద్యూతఘట్టాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదివి చూడండి. పందెం పేరు చెప్పేదీ, ఒకదాన్ని మించి ఒకటి ఒడ్డేదీ ధర్మరాజు. శకునికి తన చేయి ఎంత గట్టిదో తెలుసు. ప్రతిసారీ గెలుస్తాడు, గెలిచానంటాడు, ఇంకేమైనా మిగిలి ఉంటే ఒడ్డమంటాడు. అంతే. మొదటి పందెంలోనే రాజ్యం పెట్టమని అడిగి ఉంటే ధర్మరాజు లేచిపోయేవాడేమో. మణిహారంతో మొదలై రథాలు, ఏనుగులు, తమ్ములు, తాను, చివరకు ద్రౌపది. మెట్లు కట్టినవాడు శకుని, ఎక్కినవాడు ధర్మరాజు. పాచికల్లో మోసం ఉందా లేదా అన్నదాని మీదే మనం వెయ్యేళ్ళుగా వాదించుకుంటున్నాం కానీ, పందెం పెంచే పని ఎదుటివాడికే వదిలిపెట్టిన ఆ ఓర్పును గురించి మాట్లాడినవారు తక్కువ.

అయితే పోకరులో ఇలాంటి ఓర్పు అన్నివేళలా పనికిరాదు. ప్రపంచమంతటా ఎక్కువగా ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో ఆటగాడికి రెండు ముక్కలే సొంతం. ఆపైన బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి పడతాయి. ఇప్పుడు గెలిచే చేయి తర్వాతి ముక్కతో ఓడిపోవచ్చు. అంచేత గట్టి చేయి ఉన్నవాడు ఆగితే, బలహీనుడికి చవకగా ఇంకో ముక్క చూసే అవకాశమిచ్చినట్టు. అక్కడ సాధారణంగా వెంటనే పెంచటమే మేలు. ఏ ముక్క పడినా తనను దాటలేనంత గట్టిదైతేనే ఆగవచ్చు. మూడు ముక్కలాటలో పంచాక కొత్త ముక్క రాదు. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి ఆగటంవల్ల ముక్కలకు నష్టం లేదు, ఎదుటివాడు లేచిపోతాడన్న భయం ఒక్కటే. ఒకదానిలో కాలం శత్రువు, రెండోదానిలో కాదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేవారికి రెండూ తెలియవని నా అనుమానం.

ఇక్కడిదాకా వచ్చాక అవతలి పక్షం మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. నేర్పు ఉంది, నిజమే. అది ఎన్ని ఆటలకు బయటపడుతుంది? 2009లో అమెరికాలో సిజిటల్ అనే సంస్థ 10 కోట్ల 30 లక్షల పోకరు ఆటలను పరిశీలిస్తే, దాదాపు నాలుగింట మూడు వంతులు ముక్కలు చూపించకుండానే ముగిశాయి. పెంపుతోనే తేలిపోయాయి. ఇది నా వాదానికి బలం. కానీ 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారి లిబ్రేటస్ అనే కంప్యూటరు ప్రోగ్రాము నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళతో తలపడినప్పుడు, తన ఆధిక్యాన్ని అనుమానం లేకుండా నిరూపించుకోవటానికి 20 రోజుల్లో 1,20,000 ఆటలు ఆడవలసివచ్చింది. ఊళ్ళో ఒక రాత్రి ఎన్ని ఆటలు సాగుతాయి? రెండొందలు, మూడొందలు అనుకుందాం. అంత కొద్ది ఆటల్లో నేర్పరికీ మూఢుడికీ మధ్య గెలుపు ఎటైనా పోవచ్చు. నెల తిరిగేసరికి నేర్పు తన పాలు తీసుకుంటుంది. ఈ లోపల మూఢుడు గొర్రెలమ్ముకుని ఉంటాడు. అంటే ఒక రాత్రికి చూస్తే తీర్పు చాలావరకు సరైనదే, ఒక ఏడాదికి చూస్తే కాదు. చట్టం మనిషిని ఒక రాత్రి ఆటకే పట్టుకుంటుంది.

మా మెట్టసీమలో పత్తాలకంటే పెద్ద ఆట మరొకటి ఉంది. బోరు. మూడు వందల అడుగులు దించాక దుమ్మే వస్తుంటే, ఇంకో యాభై అడుగులు అని బండివాడితో చెప్పే రైతు కూడా పందెం పెంచుతున్నవాడే. వాడి చేతిలో ఆసులు లేవు, అప్పటిదాకా పెట్టినదాన్ని వదులుకోలేని బాధ మాత్రమే ఉంది. ఆ పందానికి ఏ గేమింగ్ చట్టమూ అడ్డం రాలేదు.

1967 నాటి వాక్యం ఆ తర్వాత చాలా దూరం ప్రయాణం చేసింది. 1974 చట్టం కేవలం నేర్పుతో ఆడే ఆటలకు మినహాయింపునిచ్చింది. ఆ నీడన పట్టణాల క్లబ్బుల్లో రమ్మీ బల్లలు నిలిచాయి. చెట్టుకింద మూడు ముక్కలు వేసినవాళ్ళకు ఆ నీడ లేదు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇన్ని మోటారు సైకిళ్ళు స్వాధీనం అని రెండంగుళాల వార్త వచ్చేది వీళ్ళ గురించే. పోకరు మన న్యాయస్థానాల ముందుకు వచ్చినప్పుడు ఇదే చిక్కు మళ్ళీ తలెత్తింది. రమ్మీకి చుట్టమా, మూడు ముక్కలకు చుట్టమా? నేర్పుతో ఆడేటట్టయితే దానికి లైసెన్సు అక్కరలేదని 2013లో కర్ణాటక హైకోర్టు అంది. అది జూదమేనని 2017 డిసెంబరులో గుజరాత్ హైకోర్టు అంది. రెండు కోర్టులూ చదివినది ఆ 1967 తీర్పునే.

తెలంగాణ ప్రభుత్వం ఈ చిక్కును విప్పలేదు, కోసేసింది. 2017 జూన్‌లో ఒక ఆర్డినెన్సు, జులైలో మరొకటి, ఆపైన సవరణ చట్టం తెచ్చి, నేర్పు ఉన్నా లేకున్నా డబ్బు పందెం కాస్తే నేరమేనంది, ఆన్‌లైను ఆటలతో సహా. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆన్‌లైను రమ్మీ, పోకరుల విషయంలో అదే బాట పట్టింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, ఆన్‌లైనులో డబ్బు పెట్టి ఆడే ఆటల విషయంలో నేర్పు, అదృష్టం అన్న భేదాన్నే పక్కన పెట్టింది. సర్వోన్నత న్యాయస్థానం రమ్మీకి గీసి ఇచ్చిన గీత దాదాపు యాభై ఏళ్ళు నిలిచి, ముందుగా చెరిగిపోయింది ఆ వ్యాజ్యం పుట్టిన సికిందరాబాదు ఉన్న రాష్ట్రంలోనే.

కాబట్టి ఇప్పుడు తెలంగాణలో డబ్బు పెట్టి రమ్మీ ఆడే పట్నంవాడూ, డబ్బు పెట్టి మూడు ముక్కలు వేసే మర్రిగూడవాడూ ఒకే చట్టం కింద ఒకే బెంచీ మీద కూర్చోవాలి. వీరిద్దరిలో ఒకరిని నేర్పరి అనీ ఇంకొకరిని అదృష్టజీవి అనీ విడదీసిన ఆ వాక్యాన్ని ఇంతవరకు ఏ న్యాయస్థానమూ మూడు ముక్కలాటగాడిని బోనులోకి పిలిచి, నువ్వు పందెం ఎప్పుడు పెంచుతావని అడిగి మరీ పరీక్షించినట్టు నేను చదవలేదు.